పెద్దాయన మోకాలు

కువైట్‌లో ఒక క్లబ్బు బాస్కెట్‌బాల్ జట్టు దగ్గర నేను ఇరవై రెండేళ్ళు పనిచేశాను. ఆడలేదు. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. మొదటి ఆరేళ్ళు ఆట జరిగే చెక్క నేల తుడిచాను. తర్వాత పదహారేళ్ళు ఆడేవాళ్ళ కాళ్ళు పిసికాను. రెండు పనులకూ పెద్ద తేడా లేదని చాలాకాలం అనుకున్నాను. ఉందని నాకు తెలియడానికి ఒక మనిషి ఉద్యోగం పోవలసి వచ్చింది.

ఇప్పుడు మా రాయచోటి వైపు నుంచి ఫిజియోథెరపీ చదివినవాళ్ళు గల్ఫ్ క్లబ్బులకు వెళుతున్నారు. వెళ్ళే ముందు కొందరు మా ఇంటికి వచ్చి అక్కడ ఏ మెషీన్లుంటాయి, అరబ్బీ ఎంత రావాలి అని అడుగుతుంటారు. మెషీన్ల సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. అరబ్బీ అక్కడికి పోతే అదే వస్తుంది. అందుకని వాళ్ళకు నేను ఈ ఒక్క సంగతి చెబుతుంటాను. ఇందులో నేను గొప్పగా కనబడను. అయినా చెబుతాను.

నన్ను నేల తుడిచే పని నుంచి తప్పించినవాడు మా క్లబ్బు ఫిజియో. ఈజిప్టు మనిషి. అందరూ ఆయన్ని డాక్టరు అనేవాళ్ళు. నేను తడిగుడ్డ పిండుతుండగా చూసి, చుక్క నీరు మిగలకుండా పిండుతున్నావే, ఆ చేతులు ఇటు తీసుకురా అన్నాడు. కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నా చేత్తోనే నాకు చూపించాడు. టేపు చుట్టడం నేర్పాడు. అన్నిటికంటే ముందు రిజిస్టరు రాయడం నేర్పాడు. ఏ రోజు ఎవరిని చూశాం, ఏ కాలు, వాపు ఉందా, వేడి ఉందా, నొప్పి పదికి ఎంత. నా ఇంగ్లీషు స్పెల్లింగులు ఘోరంగా ఉండేవి. వాటిని ఆయన ఎప్పుడూ దిద్దలేదు. "నీ చెయ్యి చూసింది రాయి. నువ్వు అనుకున్నది రాయొద్దు" అనేవాడు, అంతే.

అక్కడి జట్లలో స్థానికులతో పాటు విదేశీ ఆటగాళ్ళు కొందరుంటారు. ఒక సీజను ఆడిపోయేవాళ్ళు, ఒక నెల ఆడిపోయేవాళ్ళు. సూట్‌కేసు పూర్తిగా విప్పకముందే వెళ్ళిపోయినవాళ్ళనూ చూశాను. బాగా ఆడకపోతే మారుస్తారు. బాగా ఆడినా, అంతకంటే బాగా ఆడేవాడు దొరికితే మారుస్తారు. వాళ్ళ పేర్లు నోటికి పట్టేలోపు కొత్త పేర్లు వచ్చేవి. అందుకే నేనూ బస్సు డ్రైవరూ వాళ్ళకు మా పేర్లు పెట్టుకునేవాళ్ళం. డ్రైవరుది కోనసీమ. నాకంటే పదేళ్ళు పెద్ద. ఖైతాన్‌లో మా ఇద్దరివీ పక్కపక్క గదులు.

ఒక ఏడాది సీజను మధ్యలో మా విదేశీ ఆటగాడొకడికి చెయ్యి విరిగింది. అతని బదులు వచ్చినవాడికి మేం పెట్టిన పేరు పెద్దాయన. అమెరికా మనిషి, నల్లవాడు, ఆరడుగుల తొమ్మిదంగుళాలు, ముప్ఫై ఏడేళ్ళు. మా జట్టులో అతని తర్వాత పెద్దవాడికి ముప్ఫై ఒకటి. అప్పటికి పద్నాలుగు దేశాల్లో ఆడాడు. మొదటిరోజు నా బల్లమీద పడుకుని తన ఒంటిని తానే పరిచయం చేశాడు. "ఎడమ చీలమండ టర్కీది. ఈ వేలు లెబనాన్‌ది. వీపు ఫిలిప్పీన్స్. కుడి మోకాలు మాత్రం ఏ ఒక్క దేశానిదీ కాదు, అందరూ తలా కొంచెం వేశారు."

మా బల్ల అతనికి చాలలేదు. మోకాళ్ళ కింద నుంచి కాళ్ళు గాల్లో వేలాడాయి. డ్రైవరు చూసి ఊరుకోలేకపోయాడు.

"ఏటండి భాయ్ గారండీ, అంతెత్తు మనిషిని అలా వేలాడదీత్తారేటండి? రేపు అమ్ఘరా ఎల్దారండి. అక్కడ మావోడొకడున్నాడు, చెక్క ఇప్పిత్తాను" అన్నాడు.

మరునాడు పాత సామాన్లమ్మే ఒక కొట్లో దొరికిన తలుపు ముక్క తెచ్చి, బల్ల చివర బోల్టులు వేసి బిగించాం. పెద్దాయన పడుకుని మడమలు ఆనించి చూసుకుని, కళ్ళు మూసుకున్నాడు. తర్వాత, నేను మూడు దేశాల్లో అడిగాను దీనికోసం అన్నాడు. ఇక్కడ అడగనే లేదు.

అతను కోర్టులోకి మొదటిసారి వచ్చినప్పుడు బుట్టలోకి ఒక్క బంతి కూడా వెయ్యలేదు. బంతిని కొట్టుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా నడిచాడు. కుర్రాళ్ళు నవ్వుకున్నారు. నాకు మాత్రం అతను ఏం వెతుకుతున్నాడో తెలుసు. చెక్క కింద బోలు పడిన చోట బంతి సరిగ్గా లేవదు. అలాంటివి నాలుగు కనిపెట్టాడు. నేను గుడ్డతో ఆరేళ్ళు తుడిచిన నేల అది. ఐదోది ఎక్కడుందో నేను చూపించాను. అక్కడ బంతి కొట్టి చూసి, నన్ను చూసి, చెయ్యి చాచాడు. నా చెయ్యి అతని చేతిలో మణికట్టు దాకా మునిగిపోయింది.

బాగానే ఆడాడు. ఎగరడం తగ్గిపోయింది. కానీ బంతి ఎక్కడ పడుతుందో ముందే తెలిసినట్టు అక్కడ నిలబడి ఉండేవాడు. మేం గెలుస్తూ వచ్చాం. సెమీఫైనల్స్‌కు పది రోజులుందనగా డాక్టరు తండ్రికి ఆపరేషన్ అని కైరో వెళ్ళవలసి వచ్చింది. వెళుతూ నాతో, "చిన్నవి నువ్వు చూసుకో. ఏది పెద్దదో తెలియకపోతే ఫోన్ చెయ్యి" అన్నాడు.

ఆయన వెళ్ళిన ఆరో రోజు మ్యాచ్ అయ్యాక పెద్దాయన కుడి మోకాలి మీద చెయ్యి వేశాను. చిప్పను వేలితో నొక్కితే కిందికి దిగి మళ్ళీ పైకి తేలింది. లోపల నీరు చేరితే అలా అవుతుంది. వేడిగా కూడా ఉంది.

"ఏముంది?" అన్నాడు.

"నీరు" అన్నాను. మాది సగం ఇంగ్లీషు, సగం చేతులు.

"రాస్తావా?"

"రాయాలి."

అతను పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు. "నేనెప్పుడూ ఎవరికో దెబ్బ తగిలితే వస్తాను. ఆ దెబ్బ మానితే వెళ్ళిపోతాను. పదిహేనేళ్ళలో ఒక సీజను ఆఖరి రోజు ఎలా ఉంటుందో చూడలేదు. ఇక్కడ ఇంకా రెండు వారాలే. ఒక్క రోజు ఆగు. రేపటికి తగ్గకపోతే రాయి."

రిజిస్టరులో ఆ రోజు గడిలో ఏమీ రాయలేదు. తప్పు రాయలేదు కదా, ఖాళీగా ఉంచాను అంతే అని సర్దుకున్నాను. మరునాడు తగ్గలేదు. అతను నన్ను అడగలేదు, నేను అతన్ని అడగలేదు. అది కూడా ఖాళీ. ఐసు పెట్టాను, గట్టిగా పట్టీ కట్టాను, ప్రాక్టీసులో పరుగు తగ్గించుకోమన్నాను. డాక్టరు నంబరు జేబులోనే ఉంది. ఫోన్ చేస్తే ఆయన ఒకటే ప్రశ్న అడుగుతాడు, ఎప్పటి నుంచి అని. రోజు గడిచేకొద్దీ ఆ ప్రశ్నకు జవాబు కష్టమవుతూ వచ్చింది.

జట్టు మేనేజరు కువైటీ. మర్యాదస్థుడు, గొంతు ఎప్పుడూ పెంచడు. రోజూ సాయంత్రం తలుపు దగ్గర నిలబడి, పెద్దాయన ఎలా ఉన్నాడని అడిగేవాడు. నేను "తమామ్" అనేవాణ్ణి. అంతా బాగుందని.

మూడో రోజు డ్రైవరు నన్ను బస్సు వెనక్కి పిలిచాడు.

"భాయ్ గారండీ, ఆయన బస్సు దిగేటప్పుడు రోజూ కుడికాలే ముందు దింపుతున్నారండి. రెండోది దాని పక్కకే తెచ్చుకుంటన్నారు. మెట్టుకో ఆగుడు. నాకే కనపడతంటే మీకు కనపడ్డం లేదంటే ఎలాగండి?"

"కనపడతాండాదన్నా."

"మరి సెప్పలేదేటండి?"

"చెప్తే పంపించేస్తారు గదన్నా. పాపం, ఈ ఒక్కసారి కడదాకా ఉంటానంటాండాడు."

డ్రైవరు అద్దం తుడుస్తూ, "జాలిపడ్డం మంచిదేనండి. కానీ ఆయన మోకాలికి మీ జాలి తెలుత్తుందేటండి?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. బస్సు నడిపేవాడివి నీకేం తెలుసు అని నోటిదాకా వచ్చింది. అనలేదు.

సెమీఫైనల్‌కు ముందురోజు పొద్దున మేనేజరు నన్ను ఆఫీసుకు పిలిచాడు. విదేశీ ఆటగాణ్ణి మార్చుకోవాలంటే ఆ మధ్యాహ్నంలోపు కాగితాలు పంపాలట. ఇరవై ఆరేళ్ళవాడొకడు రెండు రోజుల నుంచి హోటల్లో ఉన్నాడట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"డాక్టరు లేడు. అతన్ని రోజూ చూసేది నువ్వే. ఆ మోకాలు ఇంకో రెండు మ్యాచ్‌లు ఆగుతుందా? నువ్వు చెప్పేదాన్నిబట్టి సంతకం పెడతాను" అన్నాడు.

బల్లమీద కాగితం ఉంది. పెన్ను ఉంది. నా పదహారేళ్ళ పనిలో నా మాటకు అంత బరువు ఉన్న రోజు అదొక్కటే. అందరూ అలాంటి రోజు కోసం చూస్తారనుకుంటాను. నేనైతే తలుపు ఎంత దూరముందో చూసుకున్నాను.

ఆగదు అన్నాను. నీరు చేరింది అన్నాను.

"ఎప్పటి నుంచి?"

నా ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే పర్మిట్, ఆ క్లబ్బు మీదే ఉంది. అది పోతే ఖైతాన్‌లో గది పోతుంది, దేశమే పోతుంది. ఇవన్నీ ఆ క్షణంలో ఆలోచించానని చెప్పను. నోరు ముందే మాట్లాడేసింది.

"ఈ పొద్దుట చూశాను."

మేనేజరు పెద్దాయనను పిలిపించాడు. అతను కుర్చీలో కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మేనేజరు అన్నాడు, "నీ మోకాల్లో నీరు చేరిందని ఇతను చెబుతున్నాడు. ఈ పొద్దుటే చూశానంటున్నాడు. నిజమేనా?"

పెద్దాయన నావైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. బంతి ఎవరి దగ్గరుందో చూసుకున్నంతసేపు.

"నిజమే. ఈ పొద్దుట మంచం దిగినప్పుడు తెలిసింది" అన్నాడు.

"ఖలాస్" అన్నాడు మేనేజరు, మెల్లగానే. తర్వాత కాగితాల పని జరిగింది. పది నిమిషాలు పట్టలేదు. బయటికి వచ్చాక పెద్దాయన నన్ను అడిగింది ఒకటే, బల్ల ఖాళీగా ఉందా అని. ఉందన్నాను. ఇక క్లబ్బుకు అవసరం లేని ఆ మోకాలిని ముప్పావుగంట చూశాను. ఐసు, పట్టీ, మసాజు, అన్నీ. ఎవరూ వచ్చి ఆపలేదు. క్షమించమని అడగవలసింది అప్పుడే. ఆ ఇంగ్లీషు మాట నాకు వచ్చు. అయినా రాలేదు.

సెమీఫైనల్‌లో మేం నాలుగు పాయింట్లతో ఓడిపోయాం. కొత్తవాడు బాగానే ఎగిరాడు, బంతులు మాత్రం అతను లేనిచోట పడ్డాయి. పెద్దాయన ఆ మ్యాచ్‌కు వచ్చాడు. పై వరుసలో డ్రైవరు పక్కన కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ చూశాడు. ఇప్పుడు వీడు ఎడమకు వెళతాడు, ఇప్పుడు వాడు బంతి పోగొట్టుకుంటాడు అని ముందే చెబుతుంటే, అన్నీ అలాగే జరిగాయని డ్రైవరు తర్వాత చెప్పాడు. "మనోళ్ళు ఓడిపోతన్నారని బాధేసిందండి, కానీ ఆటంటే ఏటో మొదటిసారి అర్థమైందండి" అన్నాడు.

పెద్దాయన ఫ్లైటు శనివారం మధ్యాహ్నం. శుక్రవారం డ్రైవరు మమ్మల్ని కబ్ద్ తీసుకెళ్ళాడు. అక్కడ అతని ఊరివాడొకడు ఒక కువైటీ పొలం చూసుకుంటూ ఉంటాడు. దోసకాయ పందిళ్ళు, నాలుగు గొర్రెలు, నీళ్ళ తొట్టి. పెద్దాయన ప్యాంటు మడిచి తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. మోకాలు వాపుతో గుండ్రంగా ఉంది. డ్రైవరూ అతని స్నేహితుడూ చేపల పులుసు పనిలో ఉన్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నాలుగు రోజులని నేను చెప్పలేదు" అన్నాను.

"విన్నాను."

"నువ్వు ఎందుకు చెప్పలేదు?"

అతను నీళ్ళలో కాలు ఆడించాడు. "నీ పర్మిట్ వాళ్ళ చేతిలో ఉంది కదా. నాకెప్పుడూ తిరుగు టికెట్ ముందే ఇస్తారు" అన్నాడు. తర్వాత తనను ఎక్కడెక్కడ ఎలా పంపేశారో చెప్పాడు. ఒక దేశంలో ఫ్లాటు తాళం మార్చేశారట. తాళంచెవి తలుపులో తిరగకపోయేసరికి అర్థమైందట. ఇంకోచోట జట్టు బస్సు అతన్ని ఎక్కించుకోకుండా వెళ్ళిపోయిందట. ఒకచోట పేపర్లో వస్తే తెలుసుకున్నాడట, అదీ వెయిటర్ చదివి పెడితే. "ఇక్కడ కుర్చీ చూపించి, నిజమేనా అని అడిగారు. నేను దీన్ని మంచివాటిలో వేసుకుంటాను."

నవ్వాడు కూడా. నేను నవ్వలేకపోయాను. అంతలో అన్నం తినడానికి పిలిచారు. ముల్లు తీసుకుని తినడం తెలియక అతను అవస్థ పడుతుంటే డ్రైవరు, "మెల్లగా కానివ్వండి, ఏం తొందర" అని తెలుగులోనే చెబుతూ కూర్చున్నాడు. మరునాడు ఎయిర్‌పోర్టులో మా ఇద్దరినీ ఒకే చేత్తో దగ్గరికి లాక్కుని వదిలేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

డాక్టరు వారం తర్వాత వచ్చాడు. తండ్రి కోలుకున్నాడు. అందరికీ ఖర్జూరాలు పంచి, గదిలోకి వచ్చి రిజిస్టరు తెరిచాడు. పేజీ తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"కాలిగోరు విరిగినా రాసేవాడివి. నీ చెయ్యి నాలుగు రోజులు ఎక్కడికి పోయింది?"

అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "మొదటిరోజు ఫోన్ చేసి ఉంటే ఆసుపత్రికి పంపి నీరు తీయించేవాణ్ణి. నాలుగు రోజులు విశ్రాంతి. సెమీఫైనల్ ఆడేవాడేమో."

ఆ 'ఏమో' ఆయన కావాలనే అన్నాడో, వైద్యుడి అలవాటో నాకు ఇప్పటికీ తెలియదు. అతన్ని కాపాడుతున్నానని నేను అనుకున్న నాలుగు రోజులే అతన్ని కాపాడగలిగిన నాలుగు రోజులు. కైరోకు ఒక్క ఫోన్ చేసి ఉంటే, అతను అడిగిన ఆ ఆఖరి రోజు అతనికి దొరికి ఉండేదేమో. నా జాలి దానికి అడ్డం కూర్చుంది. ఇది చెప్పడానికే ఇంతసేపు తీసుకున్నాను.

మేనేజరు దగ్గరికి నన్నే వెళ్ళి చెప్పమన్నాడు డాక్టరు. వెళ్ళాను. మేనేజరు విని, "అతను మెట్లు దిగడం నేనూ చూశాను" అన్నాడు.

"మరి నన్నెందుకు అడిగారు?"

"నేను చూసింది కాగితం మీద పెట్టలేను. నీ చేతికి తెలిసింది పెట్టగలను. అందుకే రోజూ అడిగాను. రోజూ తమామ్ అన్నావు."

ఆ ఏడాది మిగిలిన రోజులన్నీ నన్ను మళ్ళీ నేల తుడవమన్నారు. ఇఖామా జోలికి రాలేదు. నేల మాత్రం బాగా మెరిసింది. తర్వాత సీజను మొదట్లో డాక్టరు పిలిచి కొత్త రిజిస్టరు చేతిలో పెట్టాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

నా ఆఖరి సీజనులో పొరుగు దేశం నుంచి ఒక జట్టు టోర్నమెంటుకు వచ్చింది. వాళ్ళ సహాయ కోచ్‌ని దూరం నుంచే గుర్తుపట్టాను. ఆ ఎత్తు, ఆ నడక. గడ్డం తెల్లబడింది. మ్యాచ్ అయ్యాక వాళ్ళ డ్రెస్సింగ్ రూమ్ బయట నిలబడ్డాను. నన్ను చూడగానే చేతులు చాచాడు. డ్రైవరు గురించి అడిగాడు, చేపల పులుసు గురించి అడిగాడు.

ఏళ్ళ తరబడి మనసులో కూర్చుకున్న ఇంగ్లీషు వాక్యాలు నేను మొదలుపెట్టాను. మోకాలి సంగతి అనగానే ఆపాడు.

"ఏ మోకాలు, కుడిదా? అది ఇప్పుడు లేదు. తీయించి కొత్తది పెట్టించుకున్నాను" అని ప్యాంటు మీద తట్టి చూపించాడు.

నేను ఆగకుండా ఆ పొద్దుట ఆఫీసులో జరిగింది చెప్పాను. అతను తల వంచి, కళ్ళు చిన్నవి చేసుకుని, ఎవరిదో కథ విన్నట్టు విన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, అతనికి అది గుర్తులేదు. డ్రైవరు గుర్తున్నాడు, చేపల పులుసు గుర్తుంది. నా అబద్ధం మాత్రం పద్నాలుగు దేశాల సామానులో ఎక్కడో జారిపోయింది.

"ఆగు, ఆగు. నాలుగు రోజులని నాకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు. ఒక్క రోజు ఆగి రాయమన్నది నువ్వే కదా."

"మేనేజరు అడిగితే నేనేమన్నాను?"

"ఈ పొద్దుటే తెలిసిందన్నావు. నా ఉద్యోగం నిలబెట్టావు."

అతను గోడకు ఆనుకున్నాడు. మెల్లగా నవ్వు వచ్చింది ముఖం మీదికి. కుర్రవాళ్ళను పొగిడితే వచ్చే నవ్వు.

"అలా అన్నానా?" అన్నాడు. "అయితే ఈ ఊళ్ళో నేను మంచివాడిగానే ఉన్నానన్న మాట."

అవునన్నాను. మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. మేనేజరు ఏమన్నాడో, తను ఎక్కడ నిలబడ్డాడో, ఏమన్నాడో, మొదటి నుంచి చెప్పాను. అంతలో వాళ్ళ బస్సు హారన్ కొట్టింది. మెట్లు దిగి వెళ్ళాడు, రెండు కాళ్ళూ సమానంగా వేస్తూ. బస్సు తలుపు దగ్గర తమ జట్టువాళ్ళు ఇద్దరిని ఆపి, నావైపు చెయ్యి చూపిస్తూ ఏదో చెప్పసాగాడు. నా గురించి చెబుతున్నాడో, తన గురించి చెబుతున్నాడో అంత దూరానికి వినబడలేదు.